ఎడమ కంటి కింది సుడి

మద్దయ్య బొటనవేలిని ఆముదంలో ముంచి, గుర్రపుపిల్ల ఎడమ కంటి కింద రెండంగుళాల మేర వెంట్రుకలను పైనుంచి కిందికి నిమిరాడు. ఒకసారి నిమిరితే అవి లొంగవు. వేలు తీయగానే మెల్లగా లేచి, గోరంత వలయంగా మళ్ళీ చుట్టుకొంటాయి. అందుచేత అతడు ఊపిరి బిగబట్టి మూడుసార్లు, నాలుగుసార్లు నిమిరాడు. ఆపైన తడిగుడ్డ అదిమిపెట్టి, పెదవులు కదలకుండా నూరు లెక్కపెట్టాడు. పిల్ల కదలలేదు. పుట్టిన మూడవ రోజు నుంచి ప్రతి ఉదయమూ దాణాకు ముందు జరిగే పని ఇది. ఇప్పుడు దాని వీపు మద్దయ్య తలతో సమానమైన ఎత్తుకు వచ్చింది. అయినా అతడు దానిని పిల్ల అనే అనేవాడు. అది కూడా ఆ నూరు పూర్తయ్యేవరకు మెడ దించి, అతడి భుజం మీద దవడ ఆన్చి నిలబడేది.

మద్దయ్యకు అరవైరెండేళ్ళు. పొట్టి మనిషి. ఇరవైమూడేళ్ళు జట్కా పగ్గాలు లాగిన కుడి భుజం ఎడమదానికంటె దిగువకు వాలి ఉంటుంది. ఎడమచేతి చిటికెనవేలు కొనను ఎప్పుడో ఒక గుర్రం కొరికివేసింది. అతడి ఒంటినుంచి ఉలవల వాసన, వెచ్చని పేడ వాసన పండుగనాడు తలంటుకొన్నా పోవు. నడిచేటప్పుడు నేలవైపు చూస్తాడు, మాట్లాడేటప్పుడు కూడా నేలవైపే చూస్తాడు. గుర్రం ఎదుట నిలిచినప్పుడు మాత్రమే తల ఎత్తుతాడు.

వెంట్రుకలలోని ఆ వలయాన్ని జట్కావాళ్ళు కన్నీటి సుడి అంటారు. నుదుట సుడి మంచిది, మెడకు ఇరువైపులా ఉండే జంటసుడులు మరీ మంచివి; కంటి కింద, కన్నీరు జారే దారిలో సుడి ఉన్న గుర్రం తాను నిలిచిన ఇంటిని ఏడిపిస్తుందని వారి నమ్మకం. ఈ గుర్రపుసాల యజమాని జనార్దన్‌కు ఇటువంటి విషయాలు తెలియవు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు నడిపే అతడు ఇంగ్లీషు పుస్తకాలు చదివి గుర్రాల మీద మోజు పెంచుకొన్నవాడు; ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే రోడ్డు పక్కన, తన ఇంటి వెనుకనే ఈ సాల కట్టించాడు. తెలిసినది అతడి తల్లి శ్రీశైలమ్మకు. సుడులు విచారించకుండా ఆమె ఆ ఆవరణలోకి ఎద్దును గాని గుర్రాన్ని గాని రానిచ్చేది కాదు. అయితే కండ్లలో పొరలు కమ్మి, ఇప్పుడామెకు మనుషులే నీడలవలె కనిపిస్తారు. పిల్ల పుట్టిననాడు ఆమె అడిగింది. సుడులన్నీ మంచివేనని మద్దయ్య చెప్పాడు. ఆమె నమ్మింది.

ఈ రోజు ఆ పిల్ల జాతి కాగితాల సంగతి తేలిపోవాలి.

అది వార్మ్‌బ్లడ్ జాతి గుర్రం. పందెపు గుర్రమంత ఉడుకూ కాక, బండిగుర్రమంత మందమూ కాక, అడ్డుకంచెల మీదుగా దూకడానికి ఐరోపా దేశాలవారు తరతరాలుగా పెంచిన జాతి. ఆ మాటకు అర్థం విన్ననాడు, తక్కిన గుర్రాల రక్తం చల్లగా ఉంటుందా అని మద్దయ్య అడిగాడు; జనార్దన్ ఆ మాట స్నేహితులందరికీ చెప్పుకొని ఏడాదిపాటు నవ్వాడు. తల్లిగుర్రాన్ని అతడు బెంగళూరులో మూతపడుతున్న ఒక స్వారీ క్లబ్బు నుంచి, చూలుతో ఉండగా తెచ్చాడు. దాని కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. దానికి చూలు కట్టించిన పోతుగుర్రానికి సంబంధించిన పత్రం మాత్రం క్లబ్బుతోపాటే ఎటో పోయింది. తండ్రి పేరు రాయవలసిన గడి ఖాళీగా మిగిలింది. తల్లి కిందటి మాఘంలో శూల వచ్చి చచ్చిపోయింది. అటువంటి పిల్లలను రెండేళ్ళు నిండకముందే నమోదు సంఘంవారు వచ్చి చూసి, పుట్టినప్పుడు రాసిన గుర్తుల షీటుతో ఒళ్ళు సరిపోలితే, జూలు వెంట్రుకలు పీకి పరీక్షకు పంపి, జాతి పట్టిక అనుబంధ పుస్తకంలో పేరు ఎక్కిస్తారు. సరిపోలకపోతే వెంట్రుకలు కూడా తీసుకోరు. రేపటితో పిల్లకు రెండేళ్ళు నిండుతాయి.

ఆవరణలో కానుగ చెట్టు కింద బెంగళూరు స్వారీ పాఠశాలవారు గుర్రాలను తరలించే మోటారు బండి నిన్న సాయంత్రమే వచ్చి నిలిచింది. కాగితం అయితే పిల్లను ఈ రోజే తీసుకుపోతారు. కాకపోతే తీసుకుపోవడానికి ఆదోని నుంచి మారుతి వచ్చి, ఉలవల బస్తా మీద కాలు మీద కాలు వేసుకొని కూర్చొన్నాడు. మారుతిది పెండ్లిళ్ళ బ్యాండుసెట్టు. కాగితం లేని గుర్రానికి తన ఇంట గడ్డి వేయనని జనార్దన్ వారం కిందటే తేల్చి చెప్పి, అతడికి మాట ఇచ్చాడు.

"కాగితం కలిస్తే ఆ బండెక్కుతాది, కలవకుంటే నా బ్యాండు ముందర నడుస్తాది. యాడికైనా పోయేదే గదన్నా. నువ్వేల మొగం అట్ల పెట్టుకుంటావు?" అన్నాడు మారుతి.

"డప్పు సప్పుడుకు అది నిలబడదప్పా."

"నిలబడకేం జేస్తాది? సెవుల్లో దూది పెడతాం. పెండ్లికొడుక్కి గూడ పెట్టాలనుకో."

మద్దయ్య నవ్వలేదు. మారుతి దగ్గర ఇంతకుముందున్న గుర్రాన్ని అతడు ఆదోని బజారులో చూశాడు. టపాకాయ పేలి దానికి ఒక కన్ను పోయింది. కళ్ళెం కోసిన పెదవి మూలల మీద ఈగలు ముసురుతుంటే, అది జనరేటరు దీపాల మధ్య ముందుకాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తున్నది. చుట్టూ ఉన్నవాళ్ళు దానిని నాట్యమనుకొన్నారు. అది కాళ్ళు మంటలెత్తి చేస్తున్న పని అని మద్దయ్యకు తెలుసు.

ఇంకొక గుర్రం ముఖం కూడా అతడికి గుర్తుకు వస్తున్నది. దాని పేరు కెంచి. ఆదోని స్టేషను ముందు అతడు జట్కా తోలిన రోజుల్లో, కౌతాళంలో కొన్న ఎర్రని ఆడగుర్రం. ఎడమ కంటి కింద సుడి ఉన్నందువల్లనే అది అతడివంటివాడికి చవకగా దొరికింది. ఆరేళ్ళు ఎండలో, వానలో పరుగెత్తింది. ఆరవ ఏట అతడి నాలుగేళ్ళ కొడుకు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. బంధువులు పాడె కట్టే చోటనే గుర్రం వైపు చూపించి మాట్లాడారు. పదకొండవ రోజు మద్దయ్య దానిని చిప్పగిరి వైపున ఒక ఇటుకబట్టీకి అప్పగించి నడిచి వచ్చేశాడు. ఆరు నెలలకు అక్కడ బరువు కింద పడి చచ్చిందని విన్నాడు. భార్య మద్దమ్మ ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. రెండేళ్ళ కిందట, ఈ పిల్లకు కూడా కంటి కింద సుడి ఉందని, ఏమి చేయాలో తోచడం లేదని అతడు చెప్పినప్పుడు మాత్రం ఆమె అన్నం కలుపుతున్న చేయి ఆపి ఒక మాట అన్నది. "ఆ పాపం ఒకసారి సేసినాం. సాలు."

పది గంటలకు నమోదు సంఘం తరఫున డాక్టర్ రాధిక వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. మోకాళ్ళ వరకు రబ్బరు బూట్లు వేసుకొని, జుట్టు బిగించి కట్టుకొన్నది. జనార్దన్ తెప్పించిన కాఫీని పక్కన పెట్టి, నేరుగా సాలలోకి నడిచింది. శ్రీశైలమ్మను కూడా కుర్చీ వేసి సాల ముందర కూర్చోబెట్టారు. ఇంటి గుర్రం పేరు పుస్తకంలోకి ఎక్కేటప్పుడు తాను ఉండాలని ఆమె కోరింది.

రాధిక చేతిలోని అట్ట మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి పుట్టినప్పటి షీటు. దాని మీద అచ్చువేసిన గుర్రం బొమ్మకు నాలుగు చోట్ల సుడులను సూచించే ఇంటూ గుర్తులు ఉన్నాయి. రెండవది ఖాళీ బొమ్మ. ఆమె పిల్ల చుట్టూ తిరుగుతూ, వేలితో తడిమి, ఒక్కొక్క గుర్తే రెండవ బొమ్మ మీద వేస్తూ వచ్చింది. నుదురు కలిసింది. మెడ కలిసింది. గొంతు కలిసింది. వెనుక ఎడమకాలి తెలుపు కలిసింది. మద్దయ్య పగ్గం పట్టుకొని, ఆమె కలం కదలికనే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడామె బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు, సబ్బు అడిగింది. ముఖం మీద జిడ్డు ఉందని, ఫోటోలో మెరుస్తుందని అన్నది. తాను కడుగుతానని మద్దయ్య అన్నాడు. అక్కరలేదని చెప్పి, ఆమె స్పాంజి తడిపి పిల్ల ముఖాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు తుడిచి, పొడిగుడ్డతో ఒత్తింది. వెంట్రుకలు ఆరుతూ ఒక్కొక్కటే లేచాయి. అతడు చూడదలచుకోలేదు, అయినా చూశాడు. ఎడమ కంటి కింద వలయం చుట్టుకొన్నది.

రాధిక దానిమీద వేలు పెట్టి, షీటు చూసి, మళ్ళీ వేలు పెట్టింది. తరువాత జనార్దన్‌ను పిలిచి ఇంగ్లీషులో మాట్లాడింది. మద్దయ్యకు ఇంగ్లీషు రాదు, శ్రీశైలమ్మకూ రాదు. కాని యజమాని మెడనరాలు ఉబ్బడం అతడు చూశాడు. కాసేపటికి జనార్దన్ తెలుగులోకి దిగాడు.

"మా ఇంట్లో పుట్టిన పిల్లను మాది కాదంటారా?"

"కాదని నేను అనడం లేదండీ. ఔనని చెప్పడానికి తల్లి లేదు, తండ్రి కాగితం లేదు. ఉన్నది ఈ ఒక్క షీటు. దాని ప్రకారం ఇది ఆ పిల్ల కాదు."

పుట్టిన పిల్ల చనిపోతే, దాని స్థానంలో మరొక పిల్లను నిలబెట్టి కాగితం సంపాదించేవాళ్ళు ఉన్నారని, అటువంటివి తాను ఈ ఏడే రెండు పట్టుకొన్నానని ఆమె మెల్లగా చెప్పింది. జనార్దన్ తప్పును షీటు రాసిన పశువుల డాక్టరు మీదకు తోశాడు. ఆ డాక్టరు ప్రేమ్ కుమార్ ఇప్పుడు కోడుమూరులో ఉన్నాడు. రాధిక అక్కడే నిలబడి ఫోను చేసి, అందరికీ వినిపించేలా పెట్టింది. ఆ రోజు తల్లిగుర్రం తనను దగ్గరికి రానివ్వలేదని, తాను తడికె ఇవతల కూర్చొని, గుర్రాలను చూసుకొనే సాయీసు మద్దయ్య చెప్పిన గుర్తులు చెప్పినట్లు రాశానని అతడు ఒప్పుకొన్నాడు. ఫోను ఆగిపోయాక అందరూ మద్దయ్య వైపు తిరిగారు. మారుతి బస్తా మీదినుంచి లేచి, అంగీ దులుపుకొన్నాడు.

అప్పటికి రాధిక అట్ట మీద క్లిప్పు తీసి, కాగితాలు సంచిలో పెట్టబోతున్నది. ఆమె చేయి మధ్యలో ఆగింది. పుట్టుక చూసి గుర్తులు చెప్పిన మనిషే వాంగ్మూలం ఇస్తే, షీటును దిద్దడానికి నియమాలలో ఒక దారి ఉందని, అయితే ఆ మనిషి మాట నమ్మదగినదిగా ఉండాలని ఆమె జనార్దన్‌తో అన్నది. ఆపైన మద్దయ్యతో సూటిగా మాట్లాడింది.

"మీరు బయటికి వచ్చి, గోడవైపు తిరిగి నిలబడండి. గుర్రాన్ని చూడకూడదు. దాని ఒంటిమీద ఏమేం ఉన్నాయో చెప్పండి."

మద్దయ్య గోడకు ఎదురుగా నిలబడ్డాడు. సున్నం పెచ్చులు లేచిన గోడ. అతడు కండ్లు మూసుకొని, రెండు చేతులూ గాలిలోకి ఎత్తాడు. అక్కడ గుర్రం ఉన్నట్లే ఆ చేతులు కదలసాగాయి.

"నుదుట్న ఒకటి, కండ్లకంటే అరంగుళం పైన, కుడిపక్కకు తిరుగుతాది. మెడకు ఎడమపక్క జూలు కింద ఒకటి, కుడిపక్క ఒకటి. కుడిపక్కది జానెడు ముందర ఉండాది. గొంతుకాడ ఒకటి, పొడుగుది, ఈక మాదిరి. ఎనక ఎడమకాలికి గిట్టమీద నాలుగు వేళ్ళ తెలుపు. ఆ తెలుపులో లోపలిపక్కకు ఒక నల్లసుక్క."

షీటులో ఉన్నవి అంతటితో అయిపోయాయి. అతడు ఆగలేదు. కుడి మోకాలి మీద ఉలవగింజంత మచ్చ, కాలువగట్టున రాయి మీద పడిననాటిది. పొట్టకింద కంచె తీగ గీసిన గీత, వేలెడు. కింది దవడ ఎడమపక్కన వెంట్రుకలు పలచబడిన చోటు. తల్లి చచ్చిన తరువాత పన్నెండు రోజులు అది తలుపుకు దవడ రాస్తూ నిలబడిందని, అక్కడ వెంట్రుకలు మళ్ళీ సరిగ్గా రాలేదని చెప్పాడు. వెనుక కుడి గిట్ట తక్కిన మూడింటికంటె లేత రంగు అన్నాడు. ఎడమ చెవి లోపల ముడుతలు మూడు అన్నాడు. రాధిక ప్రతిదానికీ సాలలోకి పోయి చూసి వచ్చింది. ప్రతిదీ ఉంది. చివరికి అతడి చేతులు గాలిలో ముఖం దాకా వచ్చి, కంటి దగ్గర ఆగిపోయాయి.

"ముఖం మీద ఇంకొకటి ఉంది. దానిని మరిచిపోయారా?" అని అడిగింది రాధిక. అతడు చేతులు దించాడు. ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "మరిచిపోయానంటే అట్లాగే రాస్తాను. కాని మరిచిపోయే మనిషి మాట మీద నేను షీటు దిద్దలేను."

మద్దయ్య కండ్లు తెరిచాడు. మరిచానన్న ఒక్క మాటతో అతడి బతుకు నిన్నటివలెనే ఉంటుంది. రేపు ఇదే చీపురు, ఇదే బకెట్టు. పిల్ల ఆదోని పోతుంది. శ్రీశైలమ్మ కుర్చీలో తల ఒక పక్కకు వంచి, గుడ్డివాళ్ళు వినే విధంగా వింటున్నది. అతడు గోడవైపునుంచి తిరిగి, డాక్టరు వైపు కాక ఆమె వైపు నిలబడ్డాడు.

"మరసలేదమ్మా. పుట్టిన పొద్దే సూసినా. ఎడమకంటి కింద, కన్నీటి సుడి. తెలిస్తే మీరు దీన్ని ఈడ ఉండనీరని నేనే దాసినా. దినామూ ఆముదం రాసి అణిసినా."

రోడ్డు మీద పత్తి లారీ ఒకటి పోయింది. శ్రీశైలమ్మ చేయి చాచింది. కొడుకు పట్టుకొని సాలలోకి నడిపించాడు. పిల్ల ఆమెను వాసన చూసి తల దించింది. ఆమె వేళ్ళు దాని నుదుటి మీదినుంచి తడుముకొంటూ దిగి, కంటి కింద వలయాన్ని కనుగొని, దాని చుట్టూ ఒకసారి తిరిగాయి.

"రెండేండ్లా?" అన్నది.

"రెండేండ్లమ్మా."

"పోయిన కార్తీకంలో మా ఇంటాయన పోయినాడు. మాఘంలో దీని తల్లి సచ్చె. ఏం దోషమో అని నేను నా జాతకం సూపించుకుంటా తిరిగితి. నువ్వు ఈడ ఆముదం రాసుకుంటా ఉంటివి."

ఆ లెక్క మద్దయ్యకూ కొత్తది కాదు. పెద్దాయనను మోసుకుపోయిన రోజున అతడు సాలలోకి వచ్చి, పిల్ల కంటి కిందికి చాలాసేపు చూశాడు. మరునాడు ఉదయం మళ్ళీ ఆముదం రాశాడు.

శ్రీశైలమ్మ గొంతు పెంచకుండా కొడుకుతో చెప్పింది. పొద్దు మునగకముందే ఇది వాకిలి దాటాలి. ఎక్కడికన్నది ఆమె అడగలేదు.

రాధిక వాంగ్మూలాన్ని తెలుగులో, అతడు చెప్పిన మాటలలోనే రాసి, పైకి చదివి వినిపించింది. దాచడానికి కారణం అన్నచోట ఆమె కలం కొంచెం సేపు ఆగి, తరువాత అతడి మాటనే రాసింది. వేలిముద్ర మొదట పడలేదు. వేలి గీతల నిండా ఆముదం ఉంది. సిరా జారిపోయి నల్లని మరక మాత్రమే వచ్చింది. అతడు సబ్బుతో రెండుసార్లు కడుక్కొని వచ్చాక రెండవ ముద్ర స్పష్టంగా పడింది. జనార్దన్ సాక్షి సంతకం చేశాడు. మద్దయ్య ముఖం వైపు చూడలేదు. రాధిక కొత్త బొమ్మ మీద ఎడమ కంటి కింద ఐదవ ఇంటూ వేసి, పిల్ల జూలు నుంచి ముప్పై వెంట్రుకలు కుదుళ్ళతో పీకి కవరులో అంటించి, సంఘం ముద్ర వేసింది. తండ్రి గడిలో 'తెలియదు' అని రాసింది. పుట్టుక చూసినవారు అన్న గడిలో మద్దయ్య అని, ఇంటిపేరుతో సహా రాసింది.

మారుతి మోటారుసైకిలు తిప్పుకొంటూ మద్దయ్య దగ్గర ఒక క్షణం ఆగాడు. "ఏడిపించే గుర్రం పెండ్లికెట్ల పనికొస్తాదిలేన్నా. మంచిదే అయింది," అన్నాడు. అందులో ఎగతాళి ఎంతో ఓదార్పు ఎంతో తెలియలేదు.

నాలుగున్నరకు బండి వెనుక పలక దించారు. పాఠశాల మనుషులు లాగితే పిల్ల రాలేదు. ముందుకాళ్ళు నేలకు తన్నిపెట్టి, తెల్లగుడ్లు చూపించింది. జనార్దన్ ఎటో చూస్తూ, "ఎక్కించు," అన్నాడు. మద్దయ్య వచ్చి పగ్గం అందుకొన్నాడు. లాగలేదు. పిల్లకు ఎడమవైపున నిలబడి, తన అరచేతిని ఆ కంటి కింద ఆన్చి, పెదవులు కదలకుండా లెక్కపెట్టసాగాడు. అది మెడ దించి అతడి భుజం మీద దవడ ఆన్చింది. నూరు పూర్తయ్యాక ఇద్దరూ కలిసి పలక ఎక్కారు. అతడొక్కడే దిగి వచ్చాడు. తలుపు మూసిన తరువాత లోపల గిట్టల చప్పుడు మూడుసార్లు వినిపించి ఆగిపోయింది. బండి బెంగళూరు పోవడానికి ఆదోని రోడ్డు ఎక్కింది. రాధిక కారు దాని వెనుకనే కదిలింది.

మద్దయ్యను పొమ్మని ఎవరూ చెప్పలేదు. అతడు సాల ఊడ్చి, బకెట్లు బోర్లించి, పగ్గాలు చుట్టి మేకుకు తగిలించాడు. కాళ్ళు చేతులు కడుక్కొని, తువ్వాలు భుజాన వేసుకొని, శ్రీశైలమ్మ కుర్చీకి నాలుగు అడుగుల దూరంలో వచ్చి నిలబడ్డాడు. "పోయొస్తానమ్మా," అని అలవాటుగా రాబోయిన మాటను మధ్యలో మార్చుకొని, "పోతానమ్మా," అన్నాడు. ఆమె అతడు ఉన్న దిక్కుకు ముఖం తిప్పింది. అతడు గేటు వేసి, ఇంటికి పోయే కౌతాళం బస్సు కోసం రోడ్డు అంచున నడిచిపోయాడు. వాలిన కుడి భుజం, పక్కన నడవడానికి ఎవరో ఉన్నట్లు, ఇంకా ఒక పక్కకు ఒరిగే ఉంది.

పని మనిషి పసుపునీళ్ళు చల్లడానికి చెంబుతో సాలలోకి వచ్చినప్పుడు, గోడవారగా తాడుకు వేలాడుతున్న ఉప్పుగడ్డ గాలికి కొద్దిగా తిరుగుతున్నది. పిల్ల నాలుక రెండేళ్ళు నాకి తొలిచిన దాని గుంటలో తడి ఇంకా ఆరలేదు.